పాత కండెన్సరు

నందిగామలో హైవే సర్వీసు రోడ్డు పక్కన, మోటార్లకు వైండింగు చుట్టే చిన్న షాపు, మధ్యాహ్నం. బల్ల మీద మూత విప్పిన పాత సింగిల్ ఫేజు మోటారు ఒకటి. దానికి ఇటువైపు షాపు నడిపే ఫ్లోరెన్స్, అటువైపు జగ్గయ్యపేట నుంచి దాన్ని కారులో వేసుకొచ్చిన వడ్రంగి షెడ్డు యజమాని భవానీప్రసాద్.

"ముక్కుకి గుడ్డన్నా కట్టుకోండి ప్రసాద్ గారూ. లేకపోతే బయట నిలబడండి."

"మోటారేగా అమ్మా, శవం కాదుగా."

"శవానికైనా ఒక మర్యాదుంటదండీ. కడిగి పడుకోబెడతారు. ఇదిగో, ఇటు చూడండి. రంపపు పొట్టు. పొట్టులో ఎలక గూడు. గూట్లో ఏముందో చెప్పమంటారా?"

"వద్దులే."

"పిల్లలు. ఎండిపోయి వరుగులయ్యాయి. మరి ఈ నల్లటి జిగురేంటి?"

"గ్రీజయ్యుంటది."

"గ్రీజు పులిసిన కంపు కొట్టదు. ఇవి కొబ్బరినీళ్ళు. దసరాకి దీని నెత్తినే టెంకాయ కొడతారా మీరు?"

"ఆయుధపూజ అమ్మా. అందరూ కొట్టేదేగా."

"ముందర కొడతారండీ, నెత్తిన కొట్టరు. పసుపు, కుంకం, కొబ్బరినీళ్ళు, వాటి మీద ఏడాది పొడుగునా పొట్టు. లోపల పచ్చడైపోయింది. మొక్కిన చేతుల్తో దీన్ని ఒక్కసారన్నా తుడిచారా? ఛీ. నా వేళ్ళు చూస్తే నాకే అసహ్యమేస్తంది."

"నువ్వు తిడతావని తెచ్చానా, చేస్తావని తెచ్చానా? నాకిది సాయంత్రానికి కావాలి."

"సాయంత్రానికా? లోపలి వైర్లన్నీ మార్చాలి. ఒక్కటీ పనికిరాదు. ముట్టుకుంటే తొడుగు రాలిపోతంది. ఇంతకీ ఏ మిషనుది ఇది?"

"చెక్క చదునుచేసే మిషను. రందా మిషను."

"మా స్టీవెన్‌కి వేళ్ళు పోయిందీ..."

"ఆ. దాని మీదే."

"అట్నా."

"నాకు మాత్రం బాధ లేదనుకున్నావా అమ్మా? పనివాడిగా బంగారం వాడు. నీ మరిదని చెప్పట్లా."

"మీరు బాధపడేదేముందండీ, మీ తప్పయితేగా. తాగి మిషను దగ్గరికెళ్ళినవాడికి అంతే శాస్తి. మరిదైనా, కడుపున పుట్టినవాడైనా, నేను వెనకేసుకు రాను. ఆసుపత్రిలో వాడికి దుప్పటి కప్పుదామని వంగితే గుప్పుమంది. సారా కంపు. అక్కడే అందరి ముందూ అన్నా, వీడు తాగాడని."

"నువ్వు కాబట్టి ఉన్నమాట అన్నావ్. అందుకే మా పేటలో ఇన్ని షాపులుండగా నీ దగ్గరికే తెచ్చా."

"పైగా ఒకటే బుకాయింపు. తాగలేదు వదినా, బెల్టు లాగుతుంటే చెయ్యి పడిందీ అని. మిషను బెల్టు ఎవడన్నా చేత్తో లాగుతాడా? అబద్ధమాడినా అతికినట్టుండాలి."

"అదే, అదే."

"ఆఖరికి దారికొచ్చాడనుకోండి. ఒప్పుకునేదాకా చర్చిలో ప్రభువు బల్ల రొట్టె ముట్టుకోనివ్వనన్నారు మా పాస్టరు అయ్యగారు. ఆదివారం సంఘం ముందు నిలబడి, మైకు పట్టుకుని చెప్పాడు. తాగానూ, తప్పయిందీ, క్షమించండీ అని. తల తీసేసినట్టయింది నాకు. అయినా మనసు కుదుటపడింది."

"ఆ మాట పేటదాకా వచ్చిందిలే. మంచి పని చేశాడు. ఎవరి తప్పు వాళ్ళు ఒప్పుకుంటే గొడవే లేదు. నువ్వు కానీ అమ్మా, పని కానీ."

"కానిస్తున్నాగా."

"అన్నట్టు, కండెన్సరు నీ దగ్గర పాతదేదన్నా ఉంటే అదే వేసెయ్."

"పాతదెందుకండీ? కొత్తదెంతని? ధాబాలో మీరు కట్టే భోజనం బిల్లంత ఉండదు."

"డబ్బు గురించి కాదులే."

"మరి?"

"పాత మోటారుకి పాతదయితేనే బాగుంటది."

"చీరకి జాకెట్టా, రంగు కలవడానికి?"

"నీ ఎకసెక్కాలకేం గానీ, వైర్లు కూడా అట్లాంటివే చూడు. వాడి తీసేసినవి, నల్లబడినవి ఉంటాయిగా నీ దగ్గర."

"చెత్తబుట్టలో ఉన్నాయి."

"వాటిల్లో మంచివి ఏరు. మూత బిగించేటప్పుడు ఆ పొట్టు కూడా కాస్త ఉండనీ. మరీ కడిగెయ్యకు."

"ఎలకపిల్లల్ని కూడా ఉంచమంటారా?"

"నీతో వేగలేం తల్లీ."

"నాకు అర్థం కాక అడుగుతున్నా. బాగుచెయ్యమని తెస్తారు, బాగుచేసినట్టు కనపడకూడదంటారు. ఇట్లాంటి బేరం నేనెప్పుడూ వినలా. ఆగండి, ముందు ఈ కండెన్సరు పెట్టె సంగతి చూడనీండి. ఇందులో ఉన్నదాని సైజెంతో తెలియాలిగా."

"అది విప్పక్కర్లేదు. నీకు తెలిసిన సైజు వెయ్యి."

"విప్పితే నాదేం పోయింది? స్క్రూలు కూడా లేవు, తీగతో కట్టారు. ఇదిగో వచ్చేసింది. అబ్బా! ఏంటండీ ఇది?"

"ఏముంది?"

"మీరే చూడండి. గుట్కా పొట్లాలు. బీడీ ముక్కలు. ఎవడో నమిలి ఉమ్మినట్టుంది కూడా, ఎర్రగా గడ్డకట్టింది. యాక్. కండెన్సరెక్కడ?"

"పడిపోయి ఉంటది."

"ఎక్కడ పడుద్ది, జేబులోంచి చిల్లరా? ఇదిగో, దాని వైర్లు రెండూ కోసి టేపు చుట్టారు. టేపు చెక్కలాగ బిగుసుకుపోయింది, గోరు దిగట్లా. నిన్నా మొన్నా చుట్టింది కాదు ఇది."

"కుర్రాళ్ళెవరో చేసుంటారమ్మా. నాకేం తెలుసు."

"సీరీస్ బల్బు పెట్టి చూద్దాం. ఇది రన్నింగు వైండింగు. వెలిగింది. బాగానే ఉంది. ఇది స్టార్టింగు. చూశారా, వెలగలా."

"సరే, అది చుట్టు. అందుకేగా తెచ్చింది."

"చుట్టే సంగతి తర్వాత. ఇది మాడి బొగ్గయి ఎన్నాళ్ళయిందో! మాడిన తీగల మీద ఎలక గూడు కట్టి, పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు చచ్చి ఎండిపోయాయి. మొన్నటిదాకా ఈ మిషను మీదే పని చేశారుగా మీరు?"

"చేశాం."

"కండెన్సరు లేదు, స్టార్టింగు వైండింగు లేదు. మొదటి తోపు ఇచ్చేది అవేగా. అవి లేకపోతే స్విచ్చేస్తే మూలుగుద్దే గానీ కదలదు. ఎట్లా తిరిగిందండీ మరి?"

"తిరిగేది."

"అదే, ఎట్లా?"

"తిరిగేదమ్మా. పాతకాలం సరుకు, గట్టిది."

"ప్రసాద్ గారూ. ఎట్లా తిరిగేది?"

"మూలిగేది. మూలిగేటప్పుడు కాస్త చెయ్యందిస్తే అందుకునేది."

"చెయ్యందించడమంటే?"

"బెల్టు పట్టుకుని ఒక్క లాగు లాగడమే. ఎటు లాగితే అటు తిరిగేది. కిందటేడు ఒకడు వెనక్కి లాగితే వెనక్కే తిరిగింది, షెడ్డంతా ఒకటే నవ్వులు. పెద్ద విద్యేం కాదు. లాగగానే చెయ్యి తీసెయ్యాలి, అంతే."

"ఎవరు లాగేవాళ్ళు?"

"ఎవరంటే ఏం చెప్పను? అందరూ. నేను కూడా లాగా. మా షెడ్డులో అదొక అలవాటైపోయింది. కొత్తగా చేరినవాడికి మొదటి రోజు నేర్పేదే అది."

"స్టీవెన్‌కి కూడా నేర్పారు."

"నేర్పకుండా ఎట్లా?"

"ఆ రోజు కూడా బెల్టే లాగాడు."

"కరెంటు పోయి వచ్చింది. వాడే దగ్గరున్నాడు. లాగాడు. చెయ్యి తియ్యడం ఒక్క రవ్వ ఆలస్యమైనట్టుంది."

"ఇందాక నేను అన్నప్పుడు, మిషను బెల్టు ఎవడన్నా చేత్తో లాగుతాడా అన్నప్పుడు, మీరేమన్నారు?"

"ఏమన్నా?"

"అదే, అదే అన్నారు."

"మాటకి మాట కలిపాను. దానికేముంది?"

"వాడు తాగడం మీరు చూశారా?"

"నేను లోపల కొలతలు రాసుకుంటున్నా."

"చూశారా, చూళ్ళేదా?"

"చూళ్ళేదమ్మా. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే తలా ఒక మాటా అనుకున్నారు."

"ముందు అన్నదెవరు?"

"ఎవరైతే ఏముంది ఇప్పుడు?"

"ఎవరండీ?"

"నేనే అన్నా. తాగాడేమో అన్నా. ఏమో అనే అన్నాను, దేవుడి మీద ఒట్టు. నువ్వొచ్చి వాసనొచ్చిందన్నాక ఆ 'ఏమో' పోయింది. ఇప్పుడు నన్నొక్కణ్ణీ అంటావేం?"

"వాసన వచ్చిన మాట నిజం. నా ముక్కు అబద్ధం చెప్పదు. మాడిన వాసన చూసి మోటారు విప్పకుండానే ఏ వైండింగు పోయిందో చెప్తా నేను. పొద్దున ఎక్కడన్నా పోసుకొచ్చాడేమో. ఆ పూట ఏ పని మీదున్నాడు వాడు?"

"పాలిష్ పని. పెళ్ళివాళ్ళ మంచాలు. మర్నాడే ఇవ్వాలని ఒకటే తొందర."

"ఏం పాలిష్?"

"మామూలు లక్క పాలిష్. స్పిరిట్‌లో కరగబెట్టి గుడ్డతో రుద్దేది. షెడ్డంతా స్పిరిట్ కంపే ఆ రోజు. నేనే తట్టుకోలేక లోపలికెళ్ళి కూచున్నా."

"స్టీవెనే రుద్దాడా?"

"ఆ పని వాడికొచ్చినట్టు ఇంకెవడికీ రాదమ్మా. చొక్కా ముందంతా తడిసిపోయింది. చేతులైతే మోచేతులదాకా... ఏంటమ్మా? ఏమైంది?"

"ఆసుపత్రిలో ఆ చొక్కా మీదికే వంగా నేను."

"మంచినీళ్ళు తాగు."

"ఆ చేతుల్తో తాకకండి ఆ గ్లాసు."

"సరే, సరే. చూడమ్మా, జరిగిందేదో జరిగిపోయింది."

"జరిగిపోతే పాత కండెన్సరు ఎందుకు అడుగుతున్నారు?"

"రేపు లేబరాఫీసు నుంచి ఆఫీసరొస్తున్నాడు. మిషను చూస్తాడట. స్విచ్చేస్తే అదే తిరగాలి. కండెన్సరూ వైర్లూ మొన్న వేసినట్టు కనపడకూడదు. అంతే కదా, దీనికింత రాద్ధాంతమా?"

"ఎప్పుడూ దానంతటదే తిరిగే మిషనని ఆఫీసరు రాసుకోవాలి. ఇంక బెల్టు లాగానన్నవాడిది పచ్చి అబద్ధం. తాగినవాడి వాగుడు."

"వాడు బెల్టు మాట ఎప్పుడో మానేశాడుగా. తాగాననేగా అంటున్నాడు."

"అదీ నా దగ్గరికి తెచ్చారు. వాడి వదిన దగ్గరికి."

"నిజం చెప్తా, నువ్వయితే మంచిదనుకున్నా. ఆఫీసరు అడిగితే, వాళ్ళింటి మనిషే మోటారు చూసిందండీ అని చెప్పొచ్చు. ఎవరికీ అనుమానం రాదు."

"ఎలక గూడు నయం ప్రసాద్ గారూ."

"ఏమన్నావ్?"

"ఈ ఉమ్ము నయం, ఈ పులిసిన నీళ్ళు నయం అంటున్నా. ఇవి కడిగితే పోతాయి."

"ఫ్లోరెన్స్ గారూ, మీరు కాస్త శాంతంగా వినండి."

"ఇప్పుడు గారునయ్యానా? ఇందాకటిదాకా నువ్వూ, అమ్మా, తల్లీ."

"మీరు వినండి. షెడ్డు మూతపడితే ఎంతమంది పొట్ట కొట్టినట్టో ఆలోచించండి. స్టీవెన్‌ని నేనేం వదిలెయ్యను. కట్టు విప్పగానే రాత్రి వాచ్‌మన్‌గా పెట్టుకుంటానని మాటిచ్చా."

"వేళ్ళు తీసుకుని టార్చిలైటిస్తారు."

"అది కూడా ఇవ్వనివాళ్ళున్నారు లోకంలో."

"మోటారు ఎత్తండి. నా బల్ల మీద నుంచి తియ్యండి దీన్ని."

"తీస్తా. పక్క వీధిలో ఇంకొకడు చేస్తాడు, గంట పని. కానీ మీ సంఘంలో వాడు మైకు పట్టుకుని చెప్పింది ఎక్కడికి తీసేస్తారు? మీవాళ్ళే ఫోన్లో లైవు పెట్టారుగా. నాకు ముగ్గురు నలుగురు పంపించారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, స్తోత్రాలు. మీ పేరుతో కూడా ఒకటుంది, నేను చూశా."

"ఆఫీసరుకి అది చూపిస్తారన్నమాట."

"నేనెందుకు చూపిస్తా? నిన్ను అడిగితే నువ్వే చెప్తావు, వాణ్ణి అడిగితే వాడే చెప్తాడు. నేను అబద్ధం ఆడాల్సిన అవసరమే లేదు ఇందులో. అదే అదృష్టం."

"ఉండండి. వెళ్ళకండి. మోటారు ముట్టుకోకండి."

"ఇప్పుడేగా తియ్యమంది!"

"వాడికే చేస్తున్నా ఫోను. స్పీకరులో పెడతా, మీరూ వినండి. హలో. స్టీవెన్?"

"చెప్పు వదినా."

"ఎక్కడున్నావ్? నీ పెళ్ళాం ఇంట్లో ఉందా?"

"ఇంట్లోనే. కట్టు మార్పించుకుని ఇప్పుడే వచ్చా. జాయిస్ మిరపతోటలోకి కూలికెళ్ళింది. ఏంటి వదినా, షాపు టైములో చేశావ్?"

"మీ షెడ్డు రందా మిషను మోటారు నా బల్ల మీదుంది. విప్పా. వింటున్నావా?"

"వింటున్నా."

"కండెన్సరు లేదు. స్టార్టింగు వైండింగు ఎప్పుడో మాడిపోయింది. బెల్టు లాగకపోతే ఇది తిరగదు. నువ్వు చెప్పిందే నిజం."

"ఊఁ."

"ఊఁ ఏంట్రా? నువ్వు తాగలేదు కదా?"

"సంఘం ముందు చెప్పా కదా వదినా."

"సంఘం సంగతి కాదు. నేనడుగుతున్నా. తాగావా?"

"లేదు."

"నా ముక్కుకి తగిలింది పాలిష్ వాసన."

"అవును."

"అప్పుడే చెప్పి ఏడవచ్చుగా!"

"చెప్పా. ఏ మోటారుకి ఏది కాలిందో వాసన చూసి చెప్పేదాన్ని, నాకు సారాకీ స్పిరిట్‌కీ తేడా తెలీదా అన్నావ్. అందరూ నవ్వారు."

"అన్నాను. అన్నాను. సరే. రేపు ఆఫీసరు వస్తున్నాడు, నీకు తెలుసా?"

"రమ్మని కబురొచ్చింది."

"ఆయన ముందు ఉన్నదున్నట్టు చెప్పు. నేనూ వస్తా. ఈ మోటారు విప్పినదాన్ని విప్పినట్టే పట్టుకొస్తా, ఈ చెత్తతో సహా."

"అది నా మోటారమ్మా, నువ్వెట్లా పట్టుకొస్తావ్?"

"మీరు మాట్లాడకండి."

"అక్కడెవరు వదినా?"

"మీ ఓనరు."

"నమస్తే సార్."

"నమస్తే స్టీవెన్. చెయ్యెట్లా ఉంది?"

"బాగుంది సార్. తగ్గిపోయినట్టే."

"నమస్తే పెడుతున్నావా? సిగ్గులేదురా? నిన్ను తాగుబోతును చేసింది ఈయనే. మొదటి మాట ఈయన నోట్లోంచే వచ్చింది."

"తెలుసు వదినా. ఆటోలో నాకు స్పృహ ఉంది."

"తెలిసీ..."

"రేపు తాగలేదంటే, ఆ ఆదివారం నేను దేవుడి ముందు అబద్ధమాడానని కదా?"

"ఏది నిజమో దేవుడికి తెలుసురా."

"దేవుడికి ఆ రోజూ తెలుసు వదినా. సంఘానికే తెలీదు."

"సంఘానికి నేను చెప్తా. నా ముక్కే అబద్ధమాడిందని చెప్తా. సరేనా? నువ్వు మాత్రం రేపు నోరు తెరిచి చెప్పు. ఇంత కష్టమా, జరిగింది జరిగినట్టు చెప్పడం?"

"తాగలేదని చెప్పినన్నాళ్ళూ నువ్వు మా గుమ్మం తొక్కలేదు వదినా. జాయిస్ ఎదురొస్తే మొహం తిప్పుకున్నావ్. తాగానని చెప్పిన ఆదివారం మధ్యాహ్నం కోడికూర వండి తెచ్చావ్. చెయ్యి బాగాలేదని నువ్వే కలిపి ముద్దలు పెట్టావ్, మా అమ్మ పోయాక నాకు అట్లా ఎవరూ పెట్టలా. సారూ మంచిగా ఉంటున్నారు, అయ్యగారూ మంచిగా ఉంటున్నారు. ఏది ఎప్పుడు చెప్పాలో నాకేం తెలీట్లా. రేపు ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు వదినా, అదే చెప్తా."